స్టైలు తీసేస్తే తెలుగు ఏమవుతుంది? – కొంత చరిత్ర, కొంత ప్రత్తికోళ్ళలంక

వెబ్ డెవలపర్లకి ఏప్రిల్‌లో ఒక సరదా పండగ ఉంది. సీఎస్సెస్ నేకెడ్ డే అంటారు. ఆ రోజు సైటుకున్న స్టైల్‌షీట్ మొత్తం పీకేసి, ఉత్త హెచ్‌టీఎమ్మెల్‌తో నిలబెట్టేస్తారు. డస్టిన్ డయజ్ అనే ఆయన 2006 ఏప్రిల్ 5న మొదలుపెట్టాడు. లోపలున్న విషయం వేరు, పైనున్న అలంకారం వేరు, అలంకారం తీసినా విషయం చదవగలగాలి అని చెప్పడం దాని ఉద్దేశం. మంచి మాటే. మన ఆఫీసుల్లో సీఎస్సెస్ నేర్పేటప్పుడు మొదటి రోజు చెప్పే మాట కూడా ఇదే.

సరిగ్గా అదే 2006లో మా వైపు ఇంకో పెద్ద పని జరుగుతోంది. సుప్రీంకోర్టు ఆదేశాల మీద కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొడుతున్నారు. ఆపరేషన్ కొల్లేరు అన్నారు దాన్ని. ఏలూరు, కైకలూరు, ఆకివీడు... ఎక్కడ నలుగురు కూర్చున్నా అదే మాట. ఎవరి చెరువు పోయింది, ఎవరి అప్పు మిగిలింది, సొసైటీ చెరువులు కూడా కొడతారా, జిరాయితీ భూముల సంగతేంటి. తెలుగు పేపర్లు జిల్లా ఎడిషన్లలో పేజీలకి పేజీలు రాశాయి. వాటిలో కొంత నెట్లో కూడా పెట్టారు. నేనప్పుడు ఊరికి దూరంగా ఉద్యోగం చేస్తూ, కనిపించిన ప్రతి వార్తనీ 'సేవ్ యాజ్' కొట్టి దాచుకున్నాను. తర్వాత ఒక సీడీలోకి ఎక్కించాను.

ఇప్పుడా ఫైళ్ళు తెరిస్తే ఏముందో తెలుసా? డిగ్రీ గుర్తులు, పౌండు గుర్తులు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలు. ఒక్క తెలుగు ముక్క లేదు. ఫైలు పాడవలేదు, ప్రతి బైటూ భద్రంగానే ఉంది. లేనిదల్లా ఫాంటు. స్టైలు తీసేస్తే విషయం మిగలాలి అని ప్రపంచం పండగ చేసుకుంటున్న ఏడాదిలోనే, మన భాషలో స్టైలే విషయం. అది పోతే అక్షరమే పోయింది.

ఇలా ఎందుకయ్యిందో తెలియని కుర్రాళ్ళు ఇప్పుడు మన టీముల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళకి యూనికోడ్ అంటే పుట్టినప్పటి నుంచీ ఉన్న కరెంటు లాంటిది. అందుకే కాస్త వివరంగా చెబుతాను. తెలిసినవాళ్ళు ఓ రెండు పేరాలు దాటేయండి.

యూనికోడ్‌లో తెలుగుకి చోటు మొదటి వెర్షన్లోనే, అంటే 1991లోనే ఉంది. భారత ప్రభుత్వపు ఇస్కీ ప్రమాణాన్ని చూసి ఆ వరస పెట్టారు. కానీ కాగితం మీద చోటుంటే సరిపోదుగా! క తర్వాత పొల్లు, దాని తర్వాత ష వస్తే మూడింటినీ కలిపి క్ష అని గీసే ఇంజను ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండాలి. మామూలు జనం వాడే విండోస్‌లో తెలుగుకి అది వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. గౌతమి ఫాంటు కూడా దాంతోనే వచ్చింది. అదీ ఊరికే రాలేదు. కంట్రోల్ ప్యానెల్లో రీజనల్ సెట్టింగ్స్‌కి వెళ్ళి, కాంప్లెక్స్ స్క్రిప్టుల డబ్బాలో టిక్కు పెట్టి, అది అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. నెట్ సెంటర్ కుర్రాణ్ణి ఎక్స్‌పీ సీడీ అడిగి చూడండి, మీ మొహం వంక ఎలా చూస్తాడో!

మరి అంతకు ముందు తెలుగు సైట్లు ఎలా నడిచాయి? 1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4, నెట్‌స్కేప్ 4 రెండూ పేజీతో పాటు ఫాంటుని కూడా పంపే సదుపాయం ఇచ్చాయి. డైనమిక్ ఫాంట్లు అనేవాళ్ళం. ఒకడిది ఈఓటీ, ఇంకొకడిది పీఎఫ్ఆర్. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. 1998 సీఎస్సెస్ 2లో ఫాంట్-ఫేస్ అనే నియమం కూడా చేరింది. (తమాషా ఏంటంటే, తర్వాత 2.1 వెర్షన్లో దాన్ని తీసేశారు. బ్రౌజర్లు సరిగ్గా అమలు చెయ్యలేదని. ఇంగ్లీషు వాడికి అది అలంకారం, ఉంటే ఎంత పోతే ఎంత.) మన పత్రికలవాళ్ళు ఆ సదుపాయాన్ని పట్టుకుని ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండే 256 గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో త వత్తు, ఒక గదిలో 'తి'. బ్రౌజరు దృష్టిలో అది ఫ్రెంచి పేజీ. ఫాంటు తొడిగితే మన కంటికి తెలుగు.

ఇందులో ఇంకో చిక్కు. ఏ పత్రిక ఫాంటు ఆ పత్రికదే. ఒకళ్ళ 'క' ఇంకొకళ్ళ 'ఝ'. పైగా ఈఓటీ ఫాంటుని ఫలానా సైటుకే అని తాళం వేసి పంపొచ్చు. అంటే ఆ పేజీని మీ డిస్కులో దాచుకుని తెరిస్తే ఫాంటు దిగదు. నా సీడీలో పేజీల గతి అదే. ఇక 2000లో నెట్‌స్కేప్ 6 వచ్చి పీఎఫ్ఆర్‌ని వదిలేసింది. ఆ వంశంలోనే 2004లో ఫైర్‌ఫాక్స్ పుట్టింది. లినక్సు మీద ఫైర్‌ఫాక్స్ వాడే తెలుగువాడికి సొంత భాష పేపరు చదివే దారి లేదు.

ఆ దారి వేసింది ఒక సైడ్ ప్రాజెక్టు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

వెన్న నాగార్జున గారు పద్మ అని ఒక ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టిన నాగార్జున గారే. ఈనాడు, వార్త లాంటి సైట్ల ఫాంటు కోడ్‌ని బ్రౌజర్లోనే, అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చేసేది పద్మ. వినడానికి ఒక పట్టిక పెట్టుకుని 'ఇది వస్తే అది' అని మార్చడమే కదా అనిపిస్తుంది. కాదు. ఆ ఫాంట్లలో అక్షరాలు కంటికి కనబడే వరసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరసలో ఉంటాయి. 'త్తి' తీసుకోండి. పాత ఫాంటులో ముందు 'తి' బొమ్మ, తర్వాత దాని కింద త వత్తు. యూనికోడ్‌లో త, పొల్లు, త, ఆఖర్న గుడి. అంటే గుడిని ఊడబీకి, వత్తు దాటించి అవతల పెట్టాలి. క్రావడి ఇంకా ఘోరం, హల్లుకి ఎడమ పక్క నుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి కొన్ని ఫాంట్లలో హల్లు కంటే ముందే కూర్చుంటుంది. ఇవన్నీ విప్పి మళ్ళీ అల్లాలి. జీతం లేదు, మేనేజరు లేడు, డెడ్‌లైన్ లేదు. తర్వాత అదే పద్మ వేరే భారతీయ భాషలకీ పనికొచ్చింది.

దాని వెనక్కి వెళితే ఇంకొకటి కనిపిస్తుంది. 1990ల మొదట్లో అమెరికాలో రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆర్‌టీఎస్. పెద్దక్షరానికి ఒక అర్థం, చిన్నక్షరానికి ఒక అర్థం. పద్మ తర్వాత ముందుకెళితే వీవెన్ గారి లేఖిని, 2006. ఆర్‌టీఎస్ తరహాలో టైపు చేస్తే పక్కనే తెలుగు. లోపల పనిచేసేది పద్మ కోడే. అంటే ఒకరి సరదా మీద ఇంకొకరి సరదా, దాని మీద మూడోది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు కూడా ఈ కోవలోవే. గౌతమి పీలగా ఉందని సణిగిన మనందరం పోతన దించుకుని స్టైల్‌షీట్లో ముందు దాని పేరు రాసినవాళ్ళమే కదా. సైడ్ ప్రాజెక్టు అంటే రెజ్యూమెలో ఒక లైను అనుకునే రోజుల్లో ఇది చెప్పాలనిపించింది. పదిహేనేళ్ళ పాటు మన భాష నెట్లో నిలబడింది సైడ్ ప్రాజెక్టుల మీద.

సరే, ఇప్పుడు అసలు సీఎస్సెస్ గురించి నా అభిప్రాయాలు కొన్ని.

ఏ కొత్త ఫీచరు వచ్చినా నేను మూడు ఊళ్ళ పేర్లతో పరీక్ష పెడతాను. తాడేపల్లిగూడెం, శృంగవరప్పాడు, ప్రత్తికోళ్ళలంక. మొదటిది మీకందరికీ తెలుసు, మావాళ్ళు ఉత్త 'గూడెం' అంటారు. మిగతా రెండూ కొల్లేటి ఊళ్ళు. డెమో పేజీల్లో వాడే లాటిన్ సొద తెలుగుకి దేనికీ పనికిరాదు. అందులో కిందకి దిగే అక్షరాలు తక్కువ, మనకి ప్రతి రెండో అక్షరానికీ ఒక బేస్‌మెంటు ఉంటుంది. ఈ మూడు పేర్లలో దిత్వాలున్నాయి, క్రావడి ఉంది, వట్రసుడి ఉంది, సున్నా ఉంది, ళ కింద ళ ఉంది. ఇవి తెగకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా కనబడితే ఆ ఫాంటు పాసైనట్టే.

ఇంకో విశేషం. మూడింటికీ చెవికి వినబడే అక్షరాలు ఆరే. తా-డే-ప-ల్లి-గూ-డెం. శృం-గ-వ-ర-ప్పా-డు. ప్ర-త్తి-కో-ళ్ళ-లం-క. కానీ యూనికోడ్‌లో లెక్కపెడితే మొదటిది 14, రెండోది 12, మూడోది 15. యూటీఎఫ్-8లో ఒక్కోటీ మూడు బైట్లు కాబట్టి గూడెం ఒక్కటే 42 బైట్లు! తెలుగు ఎస్సెమ్మెస్‌కి 70 గదులే కాబట్టి ఒక మెసేజిలో 'తాడేపల్లిగూడెం' అని ఐదు సార్లు రాస్తే అయిపోయింది. మరి కంప్యూటరు దృష్టిలో 'ఒక అక్షరం' అంటే ఏది? చాలా ఏళ్ళు యూనికోడ్ నియమం ప్రకారం 'ల్లి' రెండు ముక్కలు, ల్ ఒకటి, లి ఒకటి. బడిలో గుణింతం నేర్చిన పిల్లాడికి కూడా అది తప్పని తెలుసు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూడమని నియమం మార్చారు. 1991 నుంచి 2023 దాకా ముప్ఫై రెండేళ్ళు!

ఇది పుస్తకాల గొడవ అనుకోకండి. పేరాలో మొదటి అక్షరం పెద్దది చేసే ఫస్ట్-లెటర్ ఉంది చూశారూ, పత్రికల్లో కథ మొదట్లో ఉండేలాంటిది. 'ప్రత్తికోళ్ళలంక'తో పేరా మొదలైతే అది 'ప్' పెద్దది చేసి 'ర'ని చిన్నదిగా వదిలేస్తే ఎలా ఉంటుంది? ఏ ఇంజను ఏ నియమం ప్రకారం కోస్తుందో దాని మీద ఆధారపడి ఉంటుంది. నేనైతే తెలుగు పేజీల్లో ఫస్ట్-లెటర్ వాడటమే మానేశాను. మొదటి అక్షరాన్ని చేత్తో స్పాన్‌లో పెట్టుకుంటాను. మొరటు పద్ధతే, పని చేస్తుంది.

లింకు కింద గీత. ఎన్నేళ్ళు ఆ గీత మన వత్తుల పీకలు కోసిందో! శృంగవరప్పాడులో ప వత్తు నడుం మీద నుంచి సర్రున పోయేది. స్కిప్-ఇంక్ అని ఒక ఫీచరు వచ్చి, అక్షరం అడ్డొస్తే గీత తప్పుకోవడం మొదలైంది. క్రోమ్‌లో 2018లో, ఫైర్‌ఫాక్స్‌లో 2019లో. ఇంగ్లీషులో జీ, వై తోకల కోసం చేశారు, మనకి వరమైంది. కానీ ప్రత్తికోళ్ళలంక లాంటి పేరులో గీత ఇన్ని చోట్ల తప్పుకుంటే మిగిలేది చుక్కలే. అందుకని అండర్‌లైన్-ఆఫ్‌సెట్‌తో గీతని ఇంకా కిందకి దింపాలి. మన ఆర్టీసీ బస్సు బోర్డులు చేత్తో రాసే పెయింటర్లకి ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. ముందు వత్తు కింద ఎంత చోటు కావాలో చూసుకుని, తర్వాతే పైన అక్షరం మొదలుపెడతాడు. బ్రౌజర్లకి ఆ సంగతి తెలియడానికి పాతికేళ్ళు పట్టింది.

లైన్-హైట్ ఇంగ్లీషుకి 1.5 చాలు. తెలుగుకి నేను 1.8 కంటే తగ్గించను. డిజైనరు వచ్చి 'గాలి ఎక్కువైంది' అంటే ప్రత్తికోళ్ళలంక చూపిస్తాను. ఇంకో రోగం, కార్డుల్లో టైటిల్‌ని ఒకే లైనుకి కోసేసి ఓవర్‌ఫ్లో దాచెయ్యడం. ఆ కోతలో వత్తులు పోతాయి, 'శృంగవరప్పాడు' కాస్తా 'శృంగవరపాడు' అవుతుంది. ఇంగ్లీషులో కోస్తే అక్షరం అందం పోతుంది. తెలుగులో కోస్తే ఊరి పేరు మారుతుంది.

ఇటాలిక్స్ సంగతి ఒక్క మాటలో: వద్దు. తెలుగులో ఆ సంప్రదాయం లేదు, బ్రౌజరు ఉన్న అక్షరాన్ని పక్కకి తోస్తుంది అంతే. కార్తెలో గాలికి ఒరిగిన వరి చేనులా ఉంటుంది. ఫాంట్-సింథసిస్ ఆపేసి ఆ చోట రంగు మార్చుకోండి.

2014 చివర్లో గూగుల్ ఫాంట్స్‌లోకి తెలుగు ఖతులు గుంపుగా వచ్చాయి. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, గిడుగు, గురజాడ వగైరా. వాటిలో చాలావాటి వెనక ఉన్నది సిలికానాంధ్ర పూనిక, పురుషోత్ కుమార్ గుత్తుల గారి చెయ్యి. ఆ రోజుతో తెలుగు సైటుకి మళ్ళీ డైనమిక్ ఫాంటు వచ్చినట్టే. కాకపోతే ఈసారి ఫాంటు తీసేసినా అక్షరం పోదు, వేరే ఫాంటులో కనబడుతుంది. యూనికోడ్-రేంజ్ రాసుకునేవాళ్ళకి ఒక చిన్న సూచన. 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా రాసి ఊరుకోకండి. 'సాఫ్ట్‌వేర్'లో ట తర్వాత కనబడకుండా ఒక జీరో-విడ్త్ నాన్-జాయినర్ ఉంటుంది. అది 200సి, రేంజిలో దాన్నీ చేర్చాలి.

ఆ కనబడని జాయినరు ఎంత పని చేసిందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా'కి మధ్యలో ఆ జాయినరు తగిలించి పంపితే ఐఫోన్లో యాప్‌లు వరసగా కూలిపోయాయి. ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. అప్పుడు మా ఆఫీసులో అందరూ 'ఏంటి మీ తెలుగు ఫోన్లని పేల్చేస్తోందట' అని నవ్వారు. పేల్చింది తెలుగు కాదు, తెలుగుని ఎప్పుడూ పరీక్షించి చూడని కోడు. టెస్ట్ డేటాలో 'విజ్ఞానం' అనే మాటకి నాలుగు రకాల స్పెల్లింగులు పెట్టుకున్నా బయటపడేదేమో.

ఇక నా సైడ్ ప్రాజెక్టు. ఆ సీడీలోని కొల్లేరు వార్తల్ని యూనికోడ్‌లోకి తెచ్చి, తేదీల వారీగా ఒక సూచిక చెయ్యాలని. వార్తలు పూర్తిగా ఎక్కించే హక్కు నాకు లేదు, అందుకే సూచికే: తేదీ, ఊరు, విషయం ఒక లైనులో. ఎందుకంటే ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది. 1999లో జీవో 120తో ఐదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో చెరువులు కొట్టారు. 2008లో కాంటూరుని మూడుకి తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఐదో మూడో అన్నది మ్యాపు మీద ఒక గీత రంగు మార్చడమే, సీఎస్సెస్‌లో అయితే ఒక్క లైను. నేల మీద ఆ రెండు గీతల మధ్య ఊళ్ళున్నాయి, పట్టాలున్నాయి, బుడమేరూ తమ్మిలేరూ పొంగినప్పుడు నీళ్ళు నిలవాల్సిన చోటుంది. ఎవరేమన్నారో, ఏ ఊరివాళ్ళు అప్పుడేం అడిగారో వెతకాలంటే ఆ ఏడాది తెలుగు వార్తలు కావాలి. ఇంగ్లీషు వార్తల్లో కొల్లేరంటే పెలికాన్లూ కోర్టూ. ప్రత్తికోళ్ళలంక మనిషి మాట జిల్లా ఎడిషన్లో ఉంది. ఆ జిల్లా ఎడిషన్ నా సీడీలో పౌండు గుర్తుల్లో ఉంది. ఏ సెర్చి ఇంజనుకీ అది తెలుగని తెలియదు.

పద్మ పట్టికలు చూసుకుంటూ ఒక చిన్న స్క్రిప్టు రాశాను, పైథాన్‌లో. శనాదివారాలు తప్ప కుదరదు. చాలావరకు తేలింది. ఊళ్ళ పేర్ల దగ్గర మాత్రం కొత్త తలనొప్పులు. 'కోళ్ళ' అని ఒకచోట, 'కోళ్ల' అని ఇంకోచోట. వెతికేటప్పుడు రెండూ ఒకటే అని చెప్పుకోవాలి. జిల్లా పేరు గడి ఇంకో గొడవ. 2006లో కైకలూరు కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు జిల్లా. గూడెం అప్పుడూ ఇప్పుడూ పశ్చిమ గోదావరే, కాకపోతే అప్పటి కేంద్రం ఏలూరు, ఇప్పుడు భీమవరం. అందుకని ప్రతి ఊరికీ 'ఎప్పటి నుంచి ఎప్పటి దాకా' అని రెండు తేదీలు పెట్టాను. డేటాబేసులో జిల్లాని ఒకే కాలమ్‌గా పెట్టుకున్న ప్రాజెక్టులు ఆ ఏప్రిల్లో ఏం పాట్లు పడ్డాయో మీకు తెలిసే ఉంటుంది.

సూచికలో వరస సంఖ్యలకి లిస్ట్-స్టైల్-టైప్ 'తెలుగు' అని పెట్టాను. ఈ సంగతి చాలామందికి తెలియదు, సీఎస్సెస్‌లోనే ఉంది. ౧, ౨, ౩ అని వాటంతట అవే వస్తాయి. మా నాన్నగారు చూసి, "తొమ్మిదేదో ఏడేదో నాకే తెలియట్లేదు, మామూలు అంకెలు పెట్టరా" అన్నారు. మామూలువే పెట్టాను.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ఏలూరు, గూడెం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఇంకా ఉన్నాయి. ఫైనలియర్ ప్రాజెక్టు అంటూ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ నాలుగొందలో సారి రాసే బదులు ఒక్క పాత ఫాంటు పట్టిక పూర్తి చేసినా చాలు. నా స్క్రిప్టులో ఇంకా రెండు గదులు తేలలేదు. ఒకటి ళ వత్తు అని నా అనుమానం, ఎందుకంటే అది వచ్చిన ప్రతిచోటా ముందు 'కో' ఉంది, తర్వాత 'లంక' ఉంది.